బెల్లం పొయ్యి దగ్గర తేలిన నడుంనొప్పి

నర్సుగా పనిచేసినన్నాళ్ళూ నా నోట్లో ఎక్కువగా నలిగిన మాట ఒకటే: "నొప్పి ఎలా ఉంది?" ఇంజక్షన్ చెయ్యకముందు అడిగాను, చేశాక అడిగాను, రౌండ్స్‌లో అడిగాను, డ్యూటీ దిగి చెప్పులు వేసుకుంటూ కూడా అడిగాను. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ అలవాటు పోలేదు. మొన్న గ్యాస్ సిలిండర్ తెచ్చినతను గుమ్మంలో ఒక్క క్షణం నడుం పట్టుకునేసరికి అడిగేశాను. పాపం అతను సిలిండర్ కింద పెట్టి నిజంగానే చెప్పడం మొదలుపెట్టాడు. పొయ్యి మీద నా పప్పు మాడిపోయింది.

చర్చిలో కలిసినప్పుడల్లా, కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరిన మీరంతా నన్ను చుట్టుముట్టి, "ఆంటీ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అంటారు. ఏ యాక్సిడెంటో, పాముకాటో, కొయ్యూరు కొండల్లోంచి డోలీలో మోసుకొచ్చిన కాన్పో చెబుతానని మీ ఆశ. అవీ ఉన్నాయి, కాదనను. కానీ నా తల ప్రాణం తోకకి తెచ్చిన కేసులో అలాంటి హడావిడి ఏదీ లేదు. ఒక పెద్దమనిషి నోరు విప్పలేదు. అంతే!

అప్పుడు నేను నర్సీపట్నంలోనే ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సుని. విశాఖపట్నం నుంచి ప్రతి శనివారం ఒక నొప్పుల డాక్టరుగారు వచ్చేవారు. వయసులో చిన్నవారు, చదువులో పెద్దవారు. చెయ్యి మంచిది, మనసు మంచిది, ఓపిక మాత్రం దేవుడు మరిచిపోయాడు. కుర్చీలో కూర్చుంటే టైము వేస్టని పేషెంట్లని నిలబడే చూసేవారు.

ఆయన ద్వారానే మా ఊరికి ఆ మిషను వచ్చింది. వెన్నుపాము స్టిమ్యులేటర్ అంటారు. మీకు కాలేజీలో బొమ్మలేసి చెప్పి ఉంటారు, నేను నా పద్ధతిలో చెబుతాను. కాల్లోనో నడుంలోనో పుట్టిన నొప్పి కబురు వెన్నుపాము గుండా మెదడుకి వెళ్తుంది. దారిలో, వెన్నుపాము పక్కన, సన్నటి తీగలు పెట్టి కొద్దికొద్దిగా కరెంటు ఇస్తే ఆ కబురు పలచబడుతుంది. జబ్బు పోదు, నొప్పి తెలియడం తగ్గుతుంది. అదీ అందరికీ కాదు. అందుకే ముందు ఒక వారం ట్రయల్ చేస్తారు. తీగలు లోపల, డబ్బా బయట బెల్టుకి. నొప్పి సగానికి సగం తగ్గితే అప్పుడు అసలు బ్యాటరీని చర్మం కింద పెట్టి కుట్టేస్తారు. తగ్గకపోతే తీగలు లాగేసి నమస్కారం పెట్టేస్తారు.

తగ్గిందో లేదో చెప్పే స్కానింగు లేదు, రక్తపరీక్ష లేదు. పేషెంటే చెప్పాలి. మా పేషెంటేమో, చెప్పాను కదా, నోరు విప్పలేదు.

ఆయనది గొలుగొండ దగ్గర ఊరు. చెరుకు సీజనంతా పొయ్యి ముందు నిలబడి బెల్లం వండేవాడు. మరిగే పాకం పెనాన్ని నలుగురితో కలిసి కర్రలతో ఎత్తి ఎత్తి నడుం విరిగిపోయింది. ఎక్కడో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎముక సర్దుకుంది కానీ నొప్పి పోలేదు. నడుంలోంచి ఎడమ కాలి మడమ దాకా ఒకటే మంట. ఆయన మొదటిసారి మా ఆసుపత్రికి వచ్చినప్పుడు నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు, నిలబడమంటే నిలబడలేకపోయాడు. గోడకి నుదురు ఆనించి, "ఎలాగున్నా ఒకలాగే ఉన్నాదమ్మా, మీరు పని సూసుకోండి" అన్నాడు. ఇంట్లో భార్య టీ పెడుతుంటే అది పొంగేలోపు కూడా నిలబడలేని మనిషి. పొయ్యి దగ్గరికి వెళ్ళడం మానేసి రెండు సీజన్లయింది. ఆ బాధ నొప్పికంటే పెద్దదని వాళ్ళావిడ నాతో చాటుగా చెప్పి కళ్ళు తుడుచుకుంది.

విశాఖలో ఒక ధర్మసంస్థ డాక్టరుగారికి అలాంటి మిషను ఒక్కటి ఉచితంగా ఇచ్చింది. లైన్లో ఇద్దరున్నారు: ముందు ఈయన, ఆ తరవాత రోలుగుంట నుంచి ఒక హాస్టల్ వంటామె. ఈయన ట్రయల్ గట్టెక్కితే మిషను ఈయనది. లేకపోతే ఆమెకి చేసి చూస్తారు. కాబట్టి మొహమాటానికి 'తగ్గింది' అంటే ఆమెకి అన్యాయం. తగ్గి కూడా చెప్పకపోతే ఈయన మళ్ళీ గోడకి నుదురు ఆనించాల్సిందే.

ఆ శనివారం డాక్టరుగారు మా ఊరు రాకుండా విశాఖలోనే తీగలు పెట్టారు. ఇంటికి దగ్గరగా ఉంటే మామూలుగా మసులుతాడనీ, చీము పట్టకుండా మేం కనిపెట్టి ఉంటామనీ ఆదివారం మా దగ్గరికి పంపారు. నేను చర్చి నుంచి పట్టుచీరతోనే ఆసుపత్రికి వచ్చి బెడ్ చూపించాను. వెంట కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, హైదరాబాదు మనిషి. చేతిలో ట్యాబ్, అందులో మీటలు. అది నొక్కితే ఈయన నడుంలో కరెంటు మారుతుంది. అతను అందరినీ 'సర్' అనేవాడు. పేషెంటుని 'సర్' అని పిలిచినప్పుడల్లా ఈయన వెనక్కి తిరగబోయేవాడు, ఎవరొచ్చారా అని. నేను "తిరక్కు బాబాయ్, తీగ జరిగిపోద్ది!" అని అరిచేదాన్ని.

సోమవారం పొద్దున్నే మొదలుపెట్టాను.

"బాబాయ్, నొప్పి ఎలా ఉంది?"

"ఇప్పుడేటి సెప్పగలం అమ్మా."

"తగ్గిందా, లేదా?"

"ఇప్పుడేటి సెప్పగలం."

మధ్యాహ్నం అడిగాను, అదే మాట. సాయంత్రం అడిగాను, అదే మాట. వాళ్ళావిడ నోట్లో నువ్వుగింజ నానదు. పక్కబెడ్ల వాళ్ళ వియ్యంకుల పేర్లతో సహా ఒక్క పూటలో కనుక్కుంది. "పోనీ నువ్వు చెప్పమ్మా, మీ ఆయనకి ఎలా ఉంది?" అని అడిగితే మాత్రం చెంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఆయన్నే అడగండి" అని కిటికీలోంచి రోడ్డు చూసేది.

టెక్నీషియన్‌కి దిగులు పట్టుకుంది. తగ్గలేదు కాబోలని రోజుకో రకంగా కరెంటు మార్చేవాడు. గురువారం ట్యాబ్ తియ్యగానే ఈయన మొహంలో గాభరా నేను స్పష్టంగా చూశాను.

"మార్చొద్దు బాబూ. అలాగ ఉండనీ" అన్నాడు.

"అంటే రిలీఫ్ ఉందా సర్?" టెక్నీషియన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"నాను అలాగన్నానా?"

"మరి నొప్పి ఉందా సర్?"

"అలాగా అనలేదు గదా."

"మరేమన్నారు సర్?"

"మార్చొద్దన్నాను."

అక్కడితో ఆయన బెల్లం కొట్టిన రాయిలా అయిపోయాడు. టెక్నీషియన్ నా వైపు చూశాడు, నేను దేవుడి వైపు చూశాను. నాకు ఒళ్ళు మండింది. "బాబాయ్, నీ నడుం కోసం ఇంతమందిమి నెత్తీ నోరూ బాదుకుంటున్నాం. నీకేం, రాజాలాగ పడుకున్నావు" అని కేకలేశాను. వెంటనే నాకే ఏదో తట్టింది. అవును, రాజాలాగే పడుకుంటున్నాడు! నైట్ డ్యూటీ అమ్మాయి ఈయన గురకకి పక్కబెడ్లు కంప్లయింట్ చేస్తున్నాయని చెప్పింది. అడిగితే, "మీ పరుపు మెత్తగున్నాదమ్మా" అన్నాడు. మా పరుపు మీద నేనొకసారి పడుకున్నాను. ఆయన అబద్ధమైనా సరిగ్గా ఆడాల్సింది.

ఫోన్లో డాక్టరుగారు రోజూ ఒకటే: "సిస్టర్, ఎస్సా, నోనా?" నేను "చూస్తున్నాం సార్" అనేదాన్ని. శుక్రవారం ఆయన విసుగెత్తి, "వారం రోజుల్లో ఒక్కసారి కూడా తగ్గిందని చెప్పలేదంటే లేనట్టే. రేపు వచ్చి తీగలు తీసేస్తాను. రోలుగుంట ఆవిడకి కబురు పెట్టండి" అన్నారు.

నాకు అన్నం సయించలేదు. మా ఫిజియోథెరపిస్టు ఒకాయన ఉండేవాడు, భారీ మనిషి. తనకే నడుంనొప్పి, బెల్టు పెట్టుకుని ఇంకొకళ్ళ నడుం సరిచేసేవాడు. ఆయనతో మొర పెట్టుకున్నాను.

"మంచం మీద మనిషికి ఏం తెలుస్తాదండీ? రేపు డాక్టరుగారొచ్చేలోపు ఆయన పని దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టండి. నిలబడతాడో లేదో మీ కళ్ళకే కనిపిస్తాది గదా" అన్నాడు.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఒప్పుకున్నారు కానీ షరతులు పెట్టారు. వంగకూడదు, నడుం తిప్పకూడదు, చేతులు పైకెత్తకూడదు, బరువు ముట్టుకోకూడదు. శనివారం పొద్దున్నే ఆసుపత్రి అంబులెన్సులో బయలుదేరాం: ఆయన, వాళ్ళావిడ, టెక్నీషియన్, పోలీసులాగ నేను.

ఊరి బయట చెరుకు తోటల మధ్య తాటాకు పాక. పొయ్యి మీద పెద్ద పెనం, అందులో రసం కుతకుతా ఉడుకుతోంది. పొయ్యిలోకి ఒకామె ఎండు చెరుకుపిప్పి తోస్తోంది. ఈయన బావమరిది తెడ్డు పట్టుకుని ఉన్నాడు. ఈయన్ని చూసి అందరూ "వచ్చినావా బావా, వచ్చినావా మావా" అన్నారు తప్ప, నడుం ఎలా ఉందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. వీళ్ళకి మనిషి మీద ప్రేమ లేదేటి అనుకున్నాను నేను.

ఈయన పెనం ముందుకెళ్ళి నిలబడ్డాడు. చేతులు రెండూ నేను చెప్పినట్టే పక్కలకి అంటించుకున్నాడు. గడ్డంతో వంట నడిపించాడు! గడ్డం ఇటు విసిరితే మంట తగ్గించేవారు, అటు విసిరితే పైన తేలిన మడ్డి తీసేవారు. కళ్ళు మాత్రం పాకం మీంచి కదలలేదు. పాకం చిక్కబడి, బంగారం రంగు తిరిగి, తాటాకు పాక నిండా కమ్మటి వాసన కమ్ముకుంది. మా టెక్నీషియన్‌కి పొద్దున్నుంచి టిఫిన్ లేదు. ఫోన్లో వీడియో తీస్తూ ఉండబట్టలేక అరిచేశాడు:

"వావ్! సూపర్‌గా వస్తోంది సర్!"

తెడ్డు ఆగిపోయింది. పిప్పి తోసే ఆమె చేతిలో పిప్పి చేతిలోనే ఉండిపోయింది. అందరూ అతన్ని ఎలా చూశారంటే, పెనంలో ఉమ్మేసినా అంత కోపంగా చూడరు.

"ఓలమ్మో! ఎవుడమ్మా ఈడు? దించకుండా సూపరంటాడేటి!" అంది పిప్పి తోసే ఆమె.

"బాబూ, తమరు బేగి బయటకి రండి. ఫోన్ జేబులో పెట్టండి" అని బావమరిది మర్యాదగానే అతని జబ్బ పట్టుకుని తీసుకెళ్ళి చెరుకు కుప్ప దగ్గర నిలబెట్టాడు. ఆ మొహం మాడిపోవడం చూడాలి! హైదరాబాదులో ఇంత పెద్ద చదువు చదివి, మా గొలుగొండ చెరుకుగడల పక్కన శిక్షపడ్డ బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

నేను పిప్పి తోసే ఆమె పక్కన చేరి గుసగుసగా అడిగాను. "ఏటమ్మా, అతను చేసిన తప్పేటి?"

"పెనం పొయ్యి మీద ఉన్నంతసేపూ బాగొచ్చింది అనకూడదమ్మా. అన్నామా, పాకం సెడిపోతాది. దించి, దిమ్మ కట్టినాక ఎంత మాటన్నా అనుకో."

"మరి ఎవరైనా వచ్చి ఎలా వస్తోందని అడిగితే?"

"అడగడమే తప్పు. తెలీనోడు అడిగితే ఏటి సేత్తాం? 'ఇప్పుడేటి సెప్పగలం' అంటాం."

"పోనీ, ఇలా అనకూడదండీ అని అతనికి నచ్చజెప్పొచ్చుగా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "బాగొస్తున్నాది గాబట్టి అనకూడదు అని సెప్తే, బాగొస్తున్నాదని సెప్పీసినట్టే గదమ్మా!"

అక్కడే చెరుకు కట్ట మీద కూలబడ్డాను. అయిదు రోజులు! పూటపూటా వెళ్ళి ఆ మనిషి పెనం మీద నేను అదే ప్రశ్న వేశాను. చాలదన్నట్టు ఆ టెక్నీషియన్ చేత రోజూ తెడ్డు పెట్టి కలిపించాను. తల ఎత్తి చూశాను. రసం పాకమై, పాకం ముదిరి, నలుగురూ కర్రలు తెచ్చి పెనం దించేదాకా, ఆ వంట మొత్తం ఆయన నిలబడే ఉన్నాడు. గోడ వెతుక్కోలేదు. కుర్చీ అడగలేదు. ఎడమ కాలు ఒక్కసారి కూడా పైకి లేపి విదిలించలేదు. నాకు ఏడుపొచ్చేసింది. 'తగ్గింది కదూ బాబాయ్' అని అడగడానికి నాలుక ఒకటే దురద. కరుచుకుని ఊరుకున్నాను. నా సర్వీసులో నేను అడక్కుండా ఉన్న నొప్పి అదొక్కటే.

మధ్యాహ్నం డాక్టరుగారొచ్చారు. జరిగిందంతా చెప్పాను. వాచీ చూసుకుంటూ విన్నారు.

"సిస్టర్, కథ బాగుంది. కానీ పేషెంటు తన నోటితో తగ్గిందనలేదు. ఒక పూట నిలబడ్డాడు, సంతోషం. పాత పని చూసిన ఉత్సాహం కావచ్చు. మీ ఊహ మీద ఆధారపడి ఈయనకి ఆపరేషన్ చేసి, ఆవిణ్ణి వద్దని పంపెయ్యమంటారా?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అదే నా కడుపుమంట.

"చెయ్యొద్దు సార్. ముందు తీగలు తీసెయ్యండి. తీశాక అడగండి."

"తీశాక అడగడానికి ఏముంటుంది?"

"నేను మీ అమ్మగారి వయసుదాన్ని. ఒక్కసారి నా మాట వినండి."

ఈ ఆయుధం మీరు పదే పదే వాడకండి అమ్మాయిలూ, పదును పోతుంది. నేను నా ఉద్యోగంలో వాడింది అప్పుడే. ఆయన నిట్టూర్చి గ్లవ్స్ వేసుకున్నారు.

తీగలు తియ్యడం పెద్ద పనేం కాదు. ప్లాస్టర్ ఊడదీసి మెల్లగా లాగితే వచ్చేస్తాయి. ట్రేలో పెట్టాం. టెక్నీషియన్ డబ్బా ఆపేసి బెల్టు విప్పేశాడు. నేను ట్రే తీసుకెళ్ళి ఆయన కళ్ళముందు పట్టుకున్నాను.

"బాబాయ్, దించేశాం."

ఆయన ట్రే చూశాడు. డబ్బా చూశాడు. "మొత్తం దించీసినారా? మళ్ళీ ఇయ్యే ఎక్కించరు గదా?"

"ఎక్కించం. ఇవి పారేస్తాం."

ఆయన పెద్దగా ఊపిరి వదిలి భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది. ఇక చూడండి!

"ఏటి సెప్పమంటారు బాబూ! ఆదివారం ఈ ఆసుపత్రి మెట్లు ఎక్కినప్పుడే మూడొంతులు పోనాది. కాలు మంట ఎటెల్లిపోనాదో తెలీదు, చీమలు పాకినట్టు సిమసిమ, అంతే. సోమవారం కూకుని అన్నం తిన్నాను. పూర్తిగా, కూకుని! మంగళవారం ఈ బాబు మార్చింది మరీ బాగున్నాది. బుధవారం మార్చి పాడు సేసినాడు, మడమ మళ్ళీ అంటుకున్నాది. సాయంత్రం మళ్ళీ ఏటో నొక్కినాడు, సర్దుకున్నాది. గురువారం మార్చొద్దు బాబూ అని బతిమాలినానా? ఇన్నాడు గాదు!"

టెక్నీషియన్ నోరు తెరుచుకుని ట్యాబ్ వెనక్కి జరిపి చూశాడు. "కరెక్ట్ సర్. బుధవారం లీడ్, అదే, కరెంటు వెళ్ళే తీగ మార్చాను. సాయంత్రం పాత సెట్టింగ్‌కి వచ్చాను. అన్నీ కరెక్టే."

"రేత్తిరి మెలకువొస్తే భయమేసేది బాబూ, నా కాలు నా ఒంటికి ఉన్నాదా లేదా అని. తడుముకుని సూసుకునేవోణ్ణి. అంత హాయి. ఈ సిస్టరమ్మ పొద్దస్తమానూ అడుగుతుంటే నోరు నొక్కుకోలేక సచ్చిపోయాను. తగ్గలేదని ఒక్కసారైనా అబద్ధమాడినానా అమ్మా? ఆడలేదు గదా?"

ఆడలేదు. పరుపు విషయంలో తప్ప.

చెబుతూ చెబుతూ ఆయన మాట మెల్లగా తగ్గింది. చెయ్యి ఎడమ తొడ మీదకి వెళ్ళింది. "ఇదిగో, మళ్ళీ మొదలయింది" అన్నాడు. మొహం నా కళ్ళముందే ముడుచుకుపోయింది. లేచి, అలవాటు ప్రకారం గోడ దగ్గరికెళ్ళి నుదురు ఆనించాడు. అక్కణ్ణించే, గోడతో చెబుతున్నట్టు, "మళ్ళీ పెడతారా బాబూ?" అన్నాడు. వాళ్ళావిడ భోరుమంది. నేనేమైనా తక్కువ తిన్నానా, నేనూ ఏడ్చాను.

డాక్టరుగారు స్టూల్ లాక్కుని కూర్చున్నారు. మా ఆసుపత్రిలో ఆయన కూర్చోగా నేను చూడటం అదే మొదలు. "పెడతాను. అసలుదే పెడతాను. పుండు మానగానే" అన్నారు.

రోలుగుంట ఆమె సంగతి కూడా చెప్పాలి. ధర్మసంస్థ ఇంకో మిషనుకి ఒప్పుకుంటే, తరవాత ఆమెకీ ట్రయల్ చేశారు. రెండోరోజే "ఏటీ లేదు సార్, తీసీయండి" అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. మా ఫిజియో దగ్గర వ్యాయామాలు నేర్చుకుని, మందులతో నెట్టుకొస్తూ వంట చేసుకుంటోంది. అందరికీ పనిచెయ్యదని ముందే చెప్పాను కదా.

మన పెద్దాయనకి విశాఖలో అసలు మిషను పెట్టారు. కుట్లు మానాక ఒక శనివారం మా దగ్గరికి చెకింగ్‌కి వచ్చాడు. కొత్త చొక్కా, దువ్విన తల. మిషను చూడ్డానికి టెక్నీషియన్ కూడా వచ్చాడు. డాక్టరుగారు హుషారుగా, "ఏం పెద్దాయనా, ఎలా ఉంది?" అన్నారు.

"ఇప్పుడేటి సెప్పగలం బాబూ."

డాక్టరుగారు తల పట్టుకున్నారు. నేను కలగజేసుకున్నాను. "బాబాయ్, ఇది లోపల పెట్టి కుట్టేశారు. ఇంక దించేది లేదు. చెప్పెయ్యొచ్చు."

"లేకపోడమేటమ్మా? ఈ బాబే గదా సెప్పినాడు, నాను పోయినాక కాల్చే ముందర ఇది తీసీయాలని, లేపోతే మంటలో పేలిపోతాదని. అప్పుడే గదా దించడం."

టెక్నీషియన్ అవునన్నట్టు తలూపాడు.

"అప్పుడు దించితే నువ్వెలా చెబుతావు బాబాయ్?"

"నాను ఎలాగ సెప్తాను? నువ్వున్నావు గదా, నువ్వు సెప్పు."

వాళ్ళావిడ ఆయన వీపు మీద ఒక్కటేసింది, మళ్ళీ కుట్లు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. అందరం నవ్వాం. నేను మందుల గదిలో ఏదో పనున్నట్టు వెళ్ళి, కాసేపటికి గానీ బయటికి రాలేదు.

నేను ప్రార్థన చేసుకునే మనిషిని. ఇలాంటి పట్టింపులు నాకు లేవని మా పాస్టరుగారి ముందు ఒట్టేసి చెప్పగలను. మొన్న చెరుకు సీజన్లో గొలుగొండ వెళ్ళి పొయ్యి దగ్గర ఆయన్ని కళ్ళారా చూసొచ్చాను. వేడి బెల్లం ఇస్తే తిన్నాను. చాలాసేపు ఉన్నాను. ఆయన నడుం ఎలా ఉందని మాత్రం నన్నడక్కండి. ఇప్పుడేటి సెప్పగలం!